బోర్డుకి సన్‌సెట్ తేదీ వస్తే మన లైసెన్స్ ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు టెక్సస్‌లో డాలస్ దగ్గర హెచ్-1బీ వర్క్ వీసా మీద ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నారు. క్లినిక్‌లో ఎవరో "మనకి లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు 2029లో రద్దయిపోతుంది, చట్టంలోనే రాసుంది చూసుకో" అన్నారు. మీరు వెతికి చూస్తే నిజంగానే రాసుంది, దాంతో నిద్ర పట్టడం లేదు. లైసెన్స్ పోతే వీసా సంగతేంటి, ముందుజాగ్రత్తగా ఇంకో రాష్ట్రంలో లైసెన్స్ తీసుకోవాలా, అసలు నడుస్తున్న బోర్డుని రద్దు చేస్తామని వాళ్లే ఎందుకు రాసుకుంటారు అని మూడు విషయాలు అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. లైసెన్స్ పోదు. ఈ కారణంగా వీసాకి ఏమీ కాదు. ఈ ఒక్క భయంతో ఇంకో రాష్ట్రం లైసెన్స్ కోసం డబ్బు తగలెయ్యకండి. కానీ "ఏమీ జరగదులే" అని మర్చిపోవద్దు కూడా, ఎందుకంటే ఆ తేదీ చుట్టూ జరిగే తతంగంలో బోర్డు పోకపోయినా మీరు రోజూ పనిచేసే పద్ధతి మాత్రం మారుతుంది. నా క్లినిక్‌లో అలాగే మారింది, అది కింద చెప్తాను.

నేను ఈ రాష్ట్రంలో ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తున్నాను. ముందు హాస్పిటల్, తర్వాత హోమ్ హెల్త్, ఆ తర్వాత హ్యూస్టన్ శివార్లలో రెండు గదుల సొంత క్లినిక్. మధ్యలో కొన్నేళ్లు మా వృత్తి సంఘంలో చట్టాల కమిటీలో కూర్చున్నాను. అంటే బిల్లులు చదవడం, రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లి గంటలు గంటలు బయట బెంచీ మీద కూర్చోవడం. లాయర్‌ని కాను. మీ వీసా కాగితాల విషయంలో సందేహం ఉంటే మీ లాయర్‌ని అడగండి, నేను చెప్పేది బోర్డు వైపు సంగతి.

ఆ వాక్యం చట్టంలోకి ఎలా వచ్చిందంటే, 1970లలో అమెరికాలో ఒక ఆలోచన బయల్దేరింది. ప్రభుత్వం ఒక బోర్డు పెట్టాక దాన్ని మూసే నాథుడు ఉండడు, అవసరం తీరిపోయినా అది అలా నడుస్తూనే ఉంటుంది, కాబట్టి పుట్టినప్పుడే చావు తేదీ కూడా రాసేద్దాం, ఆ తేదీ లోపు "నేను ఎందుకు ఉండాలి" అని బోర్డే చట్టసభకి చెప్పుకోవాలి అని. 1976లో కొలరాడో మొదట ఈ చట్టం చేసింది, 1977లో టెక్సస్ చేసింది. పేరు సన్‌సెట్. ఫలానా సంవత్సరం సెప్టెంబర్ 1 లోపు కొత్త బిల్లుతో పొడిగించకపోతే ఈ సంస్థ రద్దు అని మీరు చూసిన వాక్యం అదే. మన ఫిజికల్, ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులని 2017లో పొడిగించినప్పుడు 2029 అని రాశారు. ఫార్మసీ, నర్సింగ్, డెంటల్ బోర్డులకీ అదే ఏడాది, అదే పద్ధతి. మామూలుగా పన్నెండేళ్ల చుట్టు. కాబట్టి ఎవరో మన బోర్డు మీద పగబట్టి రాసింది కాదు, అందరికీ రాసేదే.

పొడిగించకపోతే? అప్పుడు కూడా తలుపుకి తాళం పడేది మర్నాడు కాదు. లెక్కలు తేల్చుకోవడానికి బోర్డుకి ఇంకో ఏడాది టైమ్ ఉంటుంది, అంటే 2029 సెప్టెంబర్‌లో గడువు తీరితే 2030 సెప్టెంబర్ దాకా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచను. కొన్ని బోర్డుల విషయంలో ఆ వాక్యం "బోర్డు రద్దు" దగ్గర ఆగదు, "ఈ చట్టం కూడా ముగుస్తుంది" అంటుంది. మెడికల్ బోర్డుది అలాంటిదే. కాగితం మీద చూస్తే డాక్టర్‌కి లైసెన్స్ ఇచ్చే సంస్థతో పాటు లైసెన్స్ ఉండాలన్న చట్టమే పోతుంది. పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ దాకా అన్నీ రాష్ట్ర లైసెన్స్ అనే మేకుకి తగిలించి ఉన్నాయి. ఆ మేకు ఊడితే ఆస్పత్రులే నడవవు. అందుకే దాన్ని ఎవరూ ఊడనివ్వరు. సరిగ్గా అందుకే దాన్ని బందీగా పట్టుకోవడానికి రాజకీయ నాయకులకి అంత బాగా పనికొస్తుంది.

2017లో జరిగింది అదే. మీరు అప్పటికి ఇక్కడికి రాలేదేమో. టెక్సస్ చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. ఆ ఏడాది మెడికల్ బోర్డు, సైకాలజిస్టుల బోర్డు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టుల బోర్డులు, ఈ ఐదింటికీ గడువు దగ్గరపడింది. మన బోర్డులాంటివి విడి బిల్లులతో గట్టెక్కాయి, వీటి బిల్లులు మాత్రం ఆగిపోయాయి. విడి బిల్లులు ఆగిపోయినా కాపాడటానికి ఎప్పుడూ ఒక "సేఫ్టీ నెట్" బిల్లు పెడతారు, అందులో ఇంకో రెండేళ్లు పొడిగిస్తున్నాం అని ఒక్క ముక్క ఉంటుంది. మే నెలలో ఒక అర్ధరాత్రి గడువు ఉంది, ఆ లోపు దిగువ సభ హౌస్‌లో చర్చకి రాని బిల్లు చచ్చినట్టే. సొంత బిల్లులు ఆగిపోయాయన్న కోపంతో కొందరు సభ్యులు చిన్నాచితకా బిల్లుల మీద మైకు పట్టుకుని సాగదీస్తూ పోయారు, పన్నెండు కొట్టింది, సేఫ్టీ నెట్ బిల్లు పోయింది. ఆ తర్వాత సెనేట్‌ని నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్, తనకి కావాల్సిన ఆస్తిపన్ను బిల్లు, ట్రాన్స్‌జెండర్ల గురించి తెచ్చిన బాత్రూమ్ బిల్లు కదిలితేనే ఇది కదులుతుందన్నట్టు పట్టుబట్టారు. డాక్టర్ల లైసెన్స్‌కీ బాత్రూమ్‌కీ ఏం సంబంధం అని అడక్కండి. మే 29న సెషన్ ముగిసింది, ఐదు బోర్డులూ గాల్లో ఉన్నాయి.

ఆ జూన్‌లో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "మెడికల్ బోర్డు మూత, డాక్టర్లందరూ జాగ్రత్త" అని ఒక మెసేజ్ తిరిగింది. షుగర్ ల్యాండ్‌లో మాకు తెలిసిన డాక్టర్ గారు ఒకాయన, గుంటూరు వైపు మనిషి, రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి "ఏమ్మా, సెప్టెంబర్ నుంచి నేను ప్రిస్క్రిప్షన్ రాయొచ్చా, రాయకూడదా?" అన్నారు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసు ఆయనది. రాయొచ్చండీ, ఇంకా ఏడాది టైముంది, ఈలోపు వీళ్లే దిగొస్తారు అని చెప్పాను. చెప్పానే గానీ నాకూ లోపల కొంచెం టెన్షన్‌గానే ఉండింది. గవర్నర్ అబ్బాట్ జూలై 18న ప్రత్యేక సమావేశం పెట్టి, ముందు ఈ బోర్డుల సంగతి తేల్చండి, తర్వాతే మిగతావి అన్నారు. రెండు చిన్న బిల్లులతో ఐదింటినీ 2019 దాకా పొడిగించారు. బాత్రూమ్ బిల్లు మాత్రం పాస్ కాలేదు. 2019లో మెడికల్ బోర్డుకి 2031 దాకా గడువిచ్చారు. ఈ మొత్తం గొడవలో ఒక్క డాక్టర్ లైసెన్స్ కూడా ఒక్క రోజు ఆగలేదు.

నిజంగా గడువు దాటిపోయిన కేసు లేదా అంటే ఉంది, కాలిఫోర్నియాలో. అక్కడ ఈ రివ్యూ మామూలుగా నాలుగేళ్లకోసారి. 2011లో నర్సుల బోర్డుని పొడిగించే బిల్లు చట్టసభలో పాసై గవర్నర్ జెర్రీ బ్రౌన్ దగ్గరికి వెళ్లింది. అందులో బోర్డు ఇన్వెస్టిగేటర్లకి పోలీసు హోదా, దాంతో వచ్చే పెన్షన్ భారం కలిపి ఉన్నాయని ఆయన వీటో చేశారు. 2012 జనవరి 1 నాటికి రిజిస్టర్డ్ నర్సింగ్ బోర్డు అనేదే లేదు. అంత పెద్ద రాష్ట్రం, లక్షల మంది నర్సులు! ఏమైంది? పైనున్న కన్స్యూమర్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ ముందే ఒప్పందం రాసుకుని అదే సిబ్బందితో పని నడిపించింది, ఫిబ్రవరి మధ్యలో కొత్త చట్టం వచ్చి బోర్డు మళ్లీ లేచి కూర్చుంది. నర్సులు డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు. బోర్డు సభ్యులు కూర్చుని తీర్పు చెప్పాల్సిన క్రమశిక్షణ కేసుల్లాంటివే ఆ ఆరు వారాలు ఇబ్బంది పడ్డాయి. మీ భయానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇక అసలు విషయం. బోర్డు ఉంటుందా పోతుందా అన్నది కాదు చూడాల్సింది, ఉండటానికి ఏం షరతులు పెట్టారన్నది. పొడిగించే బిల్లు ఒక్క వాక్యంతో రాదు, వెనకాల తోక బోలెడంత ఉంటుంది.

నా క్లినిక్ గోడ మీద రెండు ఫ్రేములు ఉండేవి. ఒకటి నా లైసెన్స్, రెండోది ఆ గది రిజిస్ట్రేషన్. అవును, అప్పట్లో థెరపీ చేసే ప్రతి చోటునీ విడిగా బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించాలి, దానికి వేరే ఫీజు, వేరే రెన్యువల్. ఒకసారి అదే కాంప్లెక్సులో పక్క సూట్‌కి మారాను, అడ్రస్ మార్పించడం మర్చిపోయాను, రెన్యువల్ నోటీసు పాత తలుపుకి వెళ్లింది, లేట్ ఫీజు కట్టాను. తప్పు నాదే. కానీ ఆ రోజు అనిపించింది, లైసెన్స్ ఉన్నది నాకు, తప్పు చేస్తే పట్టుకునేది నన్ను, మరి ఈ గోడకి రిజిస్ట్రేషన్ ఎందుకు అని.

2016లో మన బోర్డు రివ్యూ జరిగింది. ఈ రివ్యూలు చేసే సన్‌సెట్ కమిషన్ స్టాఫ్ సరిగ్గా ఇదే ప్రశ్న అడిగారు. పేషంట్‌కి హాని జరిగితే థెరపిస్టు మీద చర్య ఎలాగూ ఉంది, గదిని రిజిస్టర్ చేసి ఎవరిని కాపాడుతున్నారు, తీసెయ్యండి అని రిపోర్టులో రాశారు. నాకు బోలెడు సంతోషం. సాక్ష్యం చెప్పడానికి ఆరు పేజీలు రాసుకుని వెళ్లాను. క్యాపిటల్ బిల్డింగ్ కింద నేలమాళిగలో ఉంటాయి ఆ హియరింగ్ గదులు, పైన కనిపించే గులాబీ రంగు గుమ్మటానికీ వాటికీ పోలికే ఉండదు, ఎలుక కలుగుల్లాంటి వరండాలు. పేరు పిలిచే సరికి మధ్యాహ్నం దాటింది. నాకిచ్చింది మూడు నిమిషాలు. మొదటి పేజీ సగంలో ఉండగా ఒక సభ్యుడు ఆపి "ఈ రిజిస్ట్రేషన్ తీసేస్తే పేషంట్‌కి ఏమైనా నష్టమా?" అన్నాడు. లేదండీ అన్నాను. "థాంక్యూ" అన్నాడు. అయిపోయింది. మిగతా ఐదున్నర పేజీలు ఇప్పటికీ ఫైల్లో ఉన్నాయి.

2017 బిల్లుతో ఆ రిజిస్ట్రేషన్ పోయింది. రెండో ఫ్రేము దించేశాను, మేకు మిగిలింది, దానికి తిరుపతి క్యాలెండర్ తగిలించాను.

అయితే అదే బిల్లు ఒక చేత్తో తీసింది, ఇంకో చేత్తో పెట్టింది. థెరపిస్టులందరికీ వేలిముద్రలతో నేరచరిత్ర పరీక్ష వచ్చింది, కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లకే కాదు, మాలాంటి పాతకాపులకి కూడా రెన్యువల్ టైమ్‌లో. మా తోటి థెరపిస్టు ఒకావిడ, పదిహేనేళ్ల సర్వీసు, ఇది తెలియక చివరి వారంలో రెన్యువల్ మొదలుపెట్టి వేలిముద్రల అపాయింట్‌మెంట్ కోసం పరుగులు పెట్టింది. చట్టం మారి ఏడాది పైనే అయింది, ఈమెయిల్ కూడా వచ్చింది, చదవలేదంతే.

ఫార్మసిస్టు మిత్రులు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అదే 2017లో ఫార్మసీ బోర్డుని పొడిగించిన బిల్లులోనే, ఓపియాయిడ్లు, బెంజోడయజెపైన్లు, బార్బిచురేట్లు, కారిసోప్రొడాల్ అనే అలవాటుపడే మందులు రాసేముందు డాక్టర్లు పేషంట్ పాత ప్రిస్క్రిప్షన్ల రికార్డు ఆన్‌లైన్‌లో తప్పనిసరిగా చూడాలన్న రూలు వచ్చింది. తర్వాత ఇంకో చట్టంతో ఆ గడువుని కొంచెం జరిపి 2020 మార్చి 1 నుంచి అమలు చేశారు. గమనించండి, బిల్లు ఫార్మసీ బోర్డుది, పని పెరిగింది డాక్టర్లకి. తమ బోర్డు బిల్లు మాత్రమే చూసుకుంటూ కూర్చున్న డాక్టర్లు చాలామంది ఉలిక్కిపడ్డారు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, పక్కవాడి సన్‌సెట్ బిల్లు కూడా ఒకసారి చూడండి అని.

డబ్బు సంగతి కూడా ఈ బిల్లుల్లోనే తేలుతుంది. కాలిఫోర్నియా మెడికల్ బోర్డుని పొడిగించిన 2023 బిల్లుతో డాక్టర్ల రెన్యువల్ ఫీజు 863 డాలర్ల నుంచి 1,151 డాలర్లకి పెరిగింది. బోర్డులు నడిచేది మన ఫీజులతోనే కాబట్టి, బోర్డుకి ఇంకో నలుగురు ఇన్వెస్టిగేటర్లు కావాలని రివ్యూలో తేలితే ఆ బిల్లు చివరికి మన జేబు దగ్గరికే వస్తుంది.

ఇక రద్దు గురించి. బోర్డులు ఒక్కటి కూడా పోవా అంటే పోతాయి, కానీ మీరు అనుకుంటున్నట్టు కాదు. బోర్డు పోవడం వేరు, లైసెన్స్ పోవడం వేరు. పాదాల డాక్టర్ల బోర్డుని 2017లో ఎత్తేసి ఆ పనిని టీడీఎల్‌ఆర్ అనే పెద్ద లైసెన్సింగ్ శాఖకి ఇచ్చారు, అదే శాఖ ఎలక్ట్రీషియన్లకీ మంగలి షాపులకీ కూడా లైసెన్స్ ఇస్తుంది. డాక్టర్లకి నామోషీగా అనిపించి ఉండొచ్చు, లైసెన్సులు మాత్రం పదిలం. 2015లో ఆరోగ్యశాఖ చేతుల్లో ఉన్న చాలా వృత్తులని పంచేశారు. స్పీచ్ థెరపిస్టులు, డైటీషియన్లు, మిడ్‌వైఫ్‌లు టీడీఎల్‌ఆర్‌కి వెళ్లారు, రెస్పిరేటరీ థెరపిస్టులు, రేడియాలజీ టెక్నీషియన్లు మెడికల్ బోర్డు కిందికి వచ్చారు. 2019లో ఇందాక చెప్పిన సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, ఫ్యామిలీ థెరపిస్టుల నాలుగు బోర్డులని ఒకే కౌన్సిల్ గొడుగు కిందికి తెచ్చారు. లెటర్‌హెడ్ మారింది, వెబ్‌సైట్ మారింది, లాగిన్ మారింది. లైసెన్స్ నంబర్లు ఉన్న ఎవరూ రోడ్డున పడలేదు. పూర్తిగా ఎత్తేసినవి కూడా ఉన్నాయి, 2015లోనే కాంటాక్ట్ లెన్సులు అమ్మేవాళ్ల పర్మిట్, ఆప్టీషియన్ల రిజిస్ట్రీ లాంటివి. అక్కడ కూడా వాళ్ల పని ఆగలేదు, కాగితం అక్కర్లేకుండా పోయింది.

మీ మూడో ప్రశ్న, ఇదంతా ఎందుకు అని. నాకైతే ఇది అవసరమే అనిపిస్తుంది, ఎంత విసుగ్గా ఉన్నా. బోర్డుల్లో కూర్చునేది ఎక్కువగా ఆ వృత్తివాళ్లే. టెక్సస్ మెడికల్ బోర్డులో 19 మంది ఉంటే 12 మంది డాక్టర్లు, 7 గురు బయటివాళ్లు. ఆ పని తెలిసినవాళ్లు ఉండాలి, నిజమే. కానీ తమ గిరాకీకి పోటీ వచ్చినప్పుడు వాళ్లే జడ్జీలైతే కంచే చేను మేసినట్టు అవుతుంది. నార్త్ కరోలినాలో అదే అయింది. అక్కడి డెంటల్ బోర్డులో ఎనిమిది మందికి ఆరుగురు ప్రాక్టీసు చేసే డెంటిస్టులు. మాల్స్‌లో, సెలూన్లలో తక్కువ ధరకి పళ్లు తెల్లబరిచే దుకాణాలు పెరిగితే, ఇది డెంటిస్టులే చెయ్యాల్సిన పని, ఆపెయ్యండి అని బోర్డు కనీసం 47 లేఖలు పంపింది. వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, 2015లో సుప్రీంకోర్టు 6-3తో బోర్డుకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. పోటీలో ఉన్న వృత్తివాళ్లే బోర్డుని నడుపుతుంటే, రాష్ట్రం పైనుంచి చురుగ్గా పర్యవేక్షిస్తే తప్ప పోటీ చట్టం నుంచి వాళ్లకి రక్షణ లేదు అన్నది దాని సారాంశం. ఆ తీర్పు తర్వాత ప్రతి రాష్ట్రంలో బోర్డుల లాయర్లు కంగారుపడ్డారు. టెక్సస్‌లో 2017 రివ్యూలో డెంటల్ బోర్డుని 15 మంది నుంచి 11కి కుదించారు.

మన దేశంతో పోల్చి చూడండి. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఇలాంటి తేదీ ఏదీ లేదు. అవినీతి ఆరోపణలు ముదిరాక 2010లో కౌన్సిల్‌ని తప్పించి గవర్నర్ల బోర్డుని కూర్చోబెట్టారు, తర్వాత మళ్లీ కౌన్సిల్ వచ్చింది, 2016లో పార్లమెంటు స్థాయీ సంఘం దాని పనితీరుని ఉతికి ఆరేసింది, 2018లో ఆర్డినెన్సుతో మళ్లీ తప్పించారు, చివరికి 2020లో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. ఇల్లు అంటుకున్నాక నీళ్లు వెతుక్కున్నట్టు. ఇక మన ఫిజియోథెరపీ సంగతి చెప్పనే అక్కర్లేదు, నేను చదివేనాటికి మన వృత్తికి జాతీయస్థాయి కౌన్సిలే లేదు, ఆ చట్టం 2021లో వచ్చింది. మార్కుల లిస్టుల కోసం, అటెస్టేషన్ల కోసం ఎవరిని అడగాలో తెలియక తిరిగిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

అలాగని సన్‌సెట్ అన్నిటికీ మందు అనుకోకండి. రెండు విషయాల్లో దాని చెయ్యి అందదు.

ఒకటి, ఎవరు ఏ పని చెయ్యొచ్చన్న హద్దుల గొడవ. ఆ తేనెతుట్టెని సన్‌సెట్ కమిషన్ సాధారణంగా కదపదు. అందులో పన్నెండు మంది ఉంటారు, ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు హౌస్ సభ్యులు, ఇద్దరు బయటివాళ్లు. డాక్టర్ల సంఘానికీ థెరపిస్టుల సంఘానికీ మధ్య పడి నలగడం వాళ్లకి ఇష్టం ఉండదు. డాక్టర్ రెఫరల్ లేకుండా పేషంట్‌ని చూసే హక్కు మనకి కొన్ని రోజుల వరకైనా వచ్చింది 2019లో విడి బిల్లుతో, రివ్యూ బిల్లుతో కాదు. దాని కోసం ఎన్ని సెషన్లు తిరిగామో!

రెండోది, పరీక్షలు పెట్టే జాతీయ సంస్థలు. 2010 జూలై గుర్తుందా, లేకపోతే మీ సీనియర్లని అడగండి. ప్రశ్నలు బయటికి పొక్కుతున్నాయని చెప్పి ఇండియా, పాకిస్తాన్, ఈజిప్ట్, ఫిలిప్పీన్స్ కాలేజీల్లో చదివినవాళ్లందరికీ మన లైసెన్స్ పరీక్షని ఒక్కసారిగా ఆపేశారు, తర్వాత వాళ్లకి వేరే పరీక్ష పెట్టారు. మన పిల్లలు చాలామంది పుస్తకాలు ముందేసుకుని నెలల తరబడి ఎదురుచూశారు. పరీక్ష పెట్టేది రాష్ట్ర బోర్డుల సమాఖ్య, అది ప్రైవేటు సంస్థ, టెక్సస్ చట్టసభకి నేరుగా జవాబు చెప్పేది కాదు. మన బోర్డుని ఎంత రివ్యూ చేసినా ఆ తలుపు దాకా పోదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. చట్టం ప్రకారం బోర్డు తన గురించి తాను రాసుకునే రిపోర్టుని 2027 సెప్టెంబర్ 1 నాటికి కమిషన్‌కి ఇవ్వాలి. ఆ తర్వాత స్టాఫ్ నెలల తరబడి బోర్డు ఫైళ్లు తిరగేస్తారు, అందరితో మాట్లాడతారు, రిపోర్టు వేస్తారు, హియరింగ్ ఉంటుంది, కమిషన్ ఓటు వేస్తుంది, 2029 జనవరిలో మొదలయ్యే సెషన్‌లో బిల్లు వస్తుంది. మీ మాటకి ఎక్కువ విలువ ఉండేది హియరింగ్‌లో కాదు, స్టాఫ్ ఇంకా రిపోర్టు రాయకముందు. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ దశలో మీరు పంపే అభిప్రాయాన్ని గోప్యంగా ఉంచుతారు, కాబట్టి "బోర్డుకి తెలిస్తే నా రెన్యువల్ తొక్కిపెడతారేమో" అన్న మన జనాల మామూలు భయం అక్కర్లేదు. గ్రీన్ కార్డు లేదు, ఓటు లేదు, మనమెవరం రాయడానికి అని కూడా అనుకోకండి, లైసెన్స్ ఉన్న ఎవరైనా రాయొచ్చు, లేని పేషంట్ కూడా రాయొచ్చు. రాసేటప్పుడు వృత్తి గౌరవం, మన సేవలు అని పేజీలు నింపకండి, వాళ్లు చదివీ చదివీ విసిగిపోయి ఉంటారు. విదేశీ డిగ్రీల పరిశీలనకి ఎన్ని వారాలు పట్టింది, ఏ కాగితం రెండుసార్లు అడిగారు, దాని వల్ల మీ క్లినిక్‌లో ఎంతమంది పేషంట్లు ఎదురుచూశారు, ఇలా తేదీలతో ఒక్క సంగతి రాయండి. ఆ రకం ఉత్తరం ఒకటి నేను రాయించాను, స్టాఫ్ తిరిగి ఫోన్ చేసి అరగంట మాట్లాడారు.

వీసా విషయం. హెచ్-1బీకి కావాల్సింది రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని లైసెన్స్. బోర్డు గడువు వేరు, మీ కార్డు మీద ఉన్న గడువు వేరు. నేను చూసినంతలో మనవాళ్లకి వీసా తలనొప్పి వచ్చింది ఎప్పుడూ రెండో దాంతోనే. రెండేళ్లకి 30 యూనిట్ల నిరంతర శిక్షణ, టెక్సస్ చట్టం మీద ఆ చిన్న పరీక్ష, మానవ అక్రమ రవాణా మీద కోర్సు, వీటిని పుట్టినరోజు నెలకి మూడు నెలల ముందే ముగించండి. ఇల్లు మారితే బోర్డుకి అడ్రస్ మార్పు పంపండి, ఈ మాట లేట్ ఫీజు కట్టినదానిగా చెప్తున్నాను.

ఇంకో రాష్ట్రం లైసెన్స్ గురించి చివరిగా. భయంతో అయితే వద్దన్నాను కదా, కానీ మీ ఆయన ఉద్యోగం మారే అవకాశం ఉందని కూడా మీరు రాశారు. అదే నిజమైతే అది వేరే లెక్క. 2017లోనే టెక్సస్ ఫిజికల్ థెరపీ కాంపాక్ట్ అనే రాష్ట్రాల మధ్య ఒప్పందంలో చేరింది, కాబట్టి మీ టెక్సస్ లైసెన్స్ మీద మచ్చ లేకుండా ఉంటే కాంపాక్ట్‌లో ఉన్న వేరే రాష్ట్రంలో పనిచేసే హక్కుని ఫీజు కట్టి కొనుక్కోవచ్చు, మళ్లీ మొదట్నుంచి డిగ్రీ పరిశీలన అక్కర్లేదు. అయితే అది మీ సొంత రాష్ట్రం టెక్సస్‌గా ఉన్నంతకాలమే, ఇల్లు మారిస్తే కొత్త రాష్ట్రంలో అసలు లైసెన్సే తీసుకోవాలి. ఏ రాష్ట్రానికి వెళ్తారో తెలిశాక అడగండి, వాళ్ల పద్ధతి నాకు తెలిసినంతవరకు చెప్తాను.